ఈతకు మించిన లోతు లేదు

“ఈతకు మించిన లోతు లేదు” అని తెలుగువారి సామెత. కాలికి నేల అందని నీటిలో ఈదువానికి అడుగు ఒక నిలువున నున్నను, పది నిలువుల క్రింద నున్నను భేదము లేదు. కష్టములు మీదపడినవానికి ధైర్యము చెప్పుటకు పెద్దలు ఈ మాటను వాడుచుందురు. వాడగా వాడగా అది బ్రతుకును గూర్చిన సామెతగానే నిలిచిపోయి, నీటిని గూర్చిన మాటయన్న సంగతి మరుగున పడినది. ఈ సామెతను తెలుగు వాచకములో చదువు పిల్లలలో ఎందరికి ఈత వచ్చునని ఏ తరగతిలోనైనను అడిగి చూడవచ్చును. లేచు చేతులు కొలదియే. ఈత రానివానికి ఈ సామెత తలక్రిందులగును. వానికి గొంతులోతు దాటిన ప్రతి గుంటయు సముద్రమే.

మెదకు పట్టణమునకు సమీపమున, ఎల్లారెడ్డి పోవు దారిలో హవేలిఘనపూర్ ఉన్నది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఇది మండల కేంద్రమైనది. ఉపాధ్యాయ వృత్తికి యువతీయువకులను సిద్ధపరచు జిల్లా విద్యాశిక్షణ సంస్థ ఇచ్చటనే కలదు. అదే దారిని ముందునకు సాగినచో, 1916 మొదలు 1922 వరకు నిర్మించిన పోచారము జలాశయము కనబడును. మెదకునకు మరియొక దిక్కున మంజీర ఏడు పాయలుగా చీలి పారుచోట వనదుర్గాభవాని వెలసియున్నది. ఏటేట శివరాత్రి జాతరకు వచ్చు అశేష జనము ఆ పాయలలో స్నానము చేయుదురు. ఆ చేరువనే 1905లో మంజీరకు అడ్డముగా కట్టిన ఘనపురము ఆనకట్ట నుండి మహబూబు నహరు, ఫతే నహరు అను రెండు కాలువలు బయలుదేరి పొలములను తడుపుచున్నవి. ఆ ఘనపురము వేరు, ఈ హవేలిఘనపూర్ వేరు; కాని ఈ సీమలో ఏ ఊరి బ్రతుకైనను నీటితో ముడిపడినదే. ఊరికొక చెరువు, చెరువునకొక అలుగు, అలుగు దాటిన నీటికొక వాగు, నడుమ నడుమ కుంటలు. బతుకమ్మను సాగనంపుట చెరువులోనే, వినాయకుని నిమజ్జనము చెరువులోనే, పశువులను కడుగుట చెరువులోనే.

ఇట్టి సీమలో పుట్టిన బిడ్డకు నడక ఎంత అవసరమో ఈతయు అంత అవసరము. ఒక తరము క్రిందటి వరకు అది నేర్పుటకు ప్రతి ఊరిలోను ఒక బడి యుండెను. ఆ బడి పేరు మోటబావి. ఎండకాలపు సెలవులలో మధ్యాహ్నపు వేళ పిల్లలు గుంపుగా బావికి పోవుదురు. కొత్తవాని నడుమునకు ఎండిన సొరబుర్రలో, బెండ్లో కట్టుదురు. అన్నయో, మేనమామయో తాడు పట్టుకొని దరిమీద నిలుచును. నాలుగు దినములు గడచిన తరువాత ఒక బెండు తీసివేయుదురు. మరి నాలుగు దినములకు ఇంకొకటి. కడకు ఒకనాడు వానికి తెలియకుండగనే తాడు వదలివేయుదురు. నీరు మ్రింగి, దగ్గి, ఏడ్చి, నవ్వి, సెలవులు ముగియునప్పటికి వాడు ఈతగాడగును. ఈ బడికి రుసుము లేదు, హాజరుపట్టీ లేదు.

అయితే ఆ బడి అందరిదియు కాదని కూడ చెప్పుకొనవలయును. ఆడపిల్లలకు దానిలో ప్రవేశము అరుదు. అంటరానివారని వెలిగా నుంచబడిన వాడల పిల్లలకు అనేక గ్రామములలో ఆ బావి మెట్లు దిగు హక్కే లేకుండెను. పైగా, మెట్లు దిగి కాళ్లు తడుపుకొని నీరు ముంచుకొను బావుల మూలముననే నారికురుపు అను వ్యాధి ప్రబలి తరతరములను పీడించెను. దిగుడుబావులను మూయించుటయు, చేతిపంపులు వేయించుటయు ఆ వ్యాధిని తరుముటకు తోడ్పడెను. మన దేశమున నారికురుపు చివరిసారి కనబడినది 1996లో. 2000లో దేశము ఆ వ్యాధి నుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను. కావున పాత బావులు పోయినవని కేవలము వగచుట తగదు. పిదప గొట్టపుబావులు వచ్చినవి, భూగర్భజలము అడుగంటినది, మోటబావులు ఎండినవి, కొన్ని పూడినవి. బావితో పాటు బావిలోని బడియు మూతపడినది. దాని స్థానమున మరొక బడి తెరువబడలేదు. నష్టమంతయు అచ్చటనే యున్నది.

బడి పోయినది గాని నీరు పోలేదు; కొత్త రూపములు తాల్చినది. చెరువులలో మట్టి తవ్వుకొనిపోయినచోట్ల నిట్టనిలువు గుంతలు ఏర్పడుచున్నవి. వేసవిలో అవి కంటికి కనబడును. వాన పడి చెరువు నిండిన తరువాత కనబడవు. పాత చెరువు గట్టునుండి లోపలికి మెల్లగా వాలియుండెడిది. మోకాలి లోతు, మొలలోతు, గొంతులోతు అని కాలికి ముందుగనే తెలిసెడిది. ఇప్పుడు మోకాలిలోతులో వేసిన మరుసటి అడుగు రెండు నిలువుల లోతున పడవచ్చును. పొలములలో నీరు ఇంకకుండ ప్లాస్టిక్ పట్టా పరచిన వ్యవసాయ కుంటలున్నవి. నాచు పట్టిన ఆ పట్టామీద పెద్దవారికే కాలు నిలువదు, పట్టుకొని పైకెక్కుటకు గడ్డిపోచయైనను ఉండదు. ఇండ్లలో మూతలేని నీటి సంపులున్నవి. ఆనకట్ట దిగువన చూచుటకు ప్రశాంతముగా నున్న నీరు లోలోపల గిరగిర తిరుగుచు, పడినవానిని మరల మరల గోడవైపునకే లాగుచుండును. 2025 ఆగస్టు చివరి వారమున మెదకు, కామారెడ్డి జిల్లాలలో కురిసిన కుంభవృష్టికి వాగులు బాటలమీదికి పొంగి, నడచు దారి ఏదో, పారు వాగు ఏదో తెలియకుండ పోయినది. నీటి దగ్గరకు మనిషి పోకున్నను నీరే మనిషి దగ్గరకు వచ్చునని ఆ దినములు చూపినవి.

ప్రతి వేసవిలోను, ప్రతి పండుగ మరునాడును పత్రికలలో ఒకే విధమైన వార్త కనబడును. ఒక బాలుడు చెరువు గట్టున కాలు జారెను. వానిని అందుకొనబోయి అన్న దిగెను. ఇద్దరి కొరకు మూడవవాడు దూకెను. ముగ్గురికిని ఈత రాదు. మొదట జారినవాని తప్పు ఒక అడుగు మాత్రమే. తరువాతి వారిని ముంచినది ప్రేమ. ప్రేమకు విద్య తోడు కాకపోయినచో ఎంతటి అనర్థము కలుగునో దీనికన్న వేరు నిదర్శనము అక్కరలేదు.

మునుగుటను గూర్చి జనులలో నున్న తలపు కూడ సరియైనది కాదు. మునుగువాడు చేతులెత్తి కేకలు వేయునని కథలలోను, చలనచిత్రములలోను చూపుదురు. నిజమునకు మునుగుట చాలవరకు నిశ్శబ్దముగా జరుగును. కేక వేయుటకు ఊపిరి కావలయును. ఆ ఊపిరియే వానికి అందుట లేదు. చేయి ఎత్తుటకు బలము కావలయును. ఆ చేతులు నీటిని క్రిందికి నొక్కుటలో చిక్కుకొనియున్నవి. నోరు నీటిమట్టమునకు వచ్చుచు, పోవుచునుండును. పదిగజముల దూరమున బట్టలు ఉతుకుచున్న తల్లికి సైతము చప్పుడు వినబడదు. ఊపిరి ఆగిన తరువాత కొలది నిమిషములలోనే మెదడు చెడుట ఆరంభించును. కబురు పోయి, మనుష్యులు వచ్చి, గాలించునంతలో కాలము మించిపోవును. అందుచేత మునుగుట విషయమున వైద్యము కంటె విద్యయే ముందు రావలయును.

ఈ కష్టము ఒక్క మెదకు సీమది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో ప్రకటించిన నివేదిక ననుసరించి 2021లో లోకమంతట సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించిరి. వారిలో ఇంచుమించు సగము మంది 30 ఏండ్లు నిండనివారు. నాలుగింట ఒక వంతు 5 ఏండ్ల లోపు పసివారు. 5 నుండి 14 ఏండ్ల పిల్లల మరణ కారణములలో ఇది మూడవది. మన దేశమున 2022లో 38 వేలకు పైగా జనులు నీట మునిగి చనిపోయిరని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు తెలుపుచున్నవి. మశూచి వంటి మహమ్మారులను తరిమిన కాలమున, ఏ క్రిమియు లేకుండ, ఏ అంటును లేకుండ ఇందరు పోవుచున్నను దీనిని వ్యాధిగా ఎవరును తలపరు. “నీటిగండము” అని సరిపెట్టుకొందురు. జాతకమున నీటిగండ మున్నదని పెద్దలు చెప్పిన బిడ్డను నీటి ఛాయకు పోనీయకుండ పెంచుదురు. వాడు పెరిగి పెద్దవాడై, ఒకనాడు స్నేహితులతో కలిసి చెరువునకు పోయినప్పుడు, అందరిలో ఈత రానివాడు వాడే యగును. గండమును తప్పింపదలచిన జాగ్రత్తయే గండమును తెచ్చిపెట్టును. నీటిగండమునకు శాంతి ఏదైన నున్నచో అది ఈతయే.

దీనికి దారి చూపినది మనవంటి మరొక దేశము. బంగ్లాదేశము నదుల దేశము. అచ్చట ఇంటి పెరటిలోనే కుంట యుండును. ప్రాణహాని నివారణకై పనిచేయు అచ్చటి పరిశోధన సంస్థ యొకటి, ఐక్యరాజ్య సమితి బాలల నిధి, ఆస్ట్రేలియా ప్రాణరక్షణ సంఘము మొదలగువాని సహాయముతో, రెండు దశాబ్దముల క్రిందట పల్లెపిల్లలకు ఈత నేర్పు కార్యక్రమమును ప్రారంభించెను. వారు పాలరాతి కొలనులు కట్టలేదు. ఊరి కుంటలోనే వెదురుబొంగులు పాతి చదరమైన దడి కట్టిరి. దాని లోపల నీటి క్రింద వెదురు తడికను అమర్చి, పిల్లవాని రొమ్ములోతున కాలికి ఆనునట్లు చేసిరి. ఊరిలోని యువతీయువకులకే శిక్షణ నిచ్చి వారినే గురువులుగా చేసిరి. పిల్లలను చిన్న జట్లుగా విభజించి మెట్టు మెట్టుగా నేర్పిరి: నీటిలో ముఖము ముంచి ఊపిరి వదలుట, తేలుట, కాళ్లు ఆడించుట, చేతులు కలుపుట. 25 మీటర్లు ఈదుట, కాలు ఆనని నీటిలో అర నిమిషము తేలి నిలుచుట, తాను నీటిలో దిగకుండ ఇతరుని ఒడ్డుకు లాగుట—ఈ మూడును వచ్చిననాడు బాలుడు ఉత్తీర్ణుడు.

ఈత నేర్వజాలని పసివారికి వేరొక ఏర్పాటు చేసిరి. తల్లులు ఇంటిపనులలో, పొలముపనులలో మునిగియుండు ఉదయపు వేళలలోనే చిన్నపిల్లలు ఎక్కువగా నీట పడుచున్నారని వారు కనుగొనిరి. ఆ వేళకు ఊరిలోనే ఒక ఇంట పిల్లలను చేర్చి, కనిపెట్టి చూచుటకు ఒక స్త్రీని నియమించిరి. ఈ పద్ధతుల ఫలితమును పరిశోధకులు 2012లో వైద్యపత్రికలో ప్రకటించిరి. ఈత నేర్చిన పిల్లలలో మునుగుట వలని మరణములు, నేర్వనివారితో పోల్చినచో, పదింట తొమ్మిది వంతులకు పైగా తగ్గినవి. వెదురుబొంగులు, కొబ్బరితాళ్లు, ఓపికగల ఒక గురువు: పెట్టుబడి యింతే.

పరులను నీటినుండి కాపాడుట ధర్మకార్యమను భావము పాతదే. హాలెండు దేశపు ఆమ్‌స్టర్‌డాం నగరమున 1767లో మునిగినవారిని రక్షించుటకై ఒక సంఘము వెలసినది. లండనులో 1774లో మరియొకటి పుట్టినది. ఊపిరి ఆగినవానిని బ్రదికింపవచ్చునని లోకమునకు నమ్మకము కలిగించినవి ఆ సంఘములే. రక్షించుటను మాత్రమే కాక ఈతను, నీటి జాగ్రత్తను ప్రజలకు నేర్పు సంఘము 1891లో ఇంగ్లండున ఏర్పడెను. 2021 ఏప్రిలులో ఐక్యరాజ్య సమితి ఈ విషయమును మొదటిసారిగా ప్రత్యేక తీర్మానముతో చేపట్టి, ఏటా జూలై 25వ తేదీని మునక నివారణ దినముగా నిర్ణయించెను. మన కేంద్ర ఆరోగ్య శాఖయు 2023 డిసెంబరులో ఇందునకై ఒక ప్రణాళికను వెలువరించెను. ఇన్ని యున్నను ప్రణాళిక ఢిల్లీలోనే యుండును. నీరు ఊరిలో నుండును. రెండింటి నడుమ నిలువవలసినవాడు బడిపంతులు.

ఈతకంటె ముందు నేర్పవలసినది ఒడ్డున నిలిచి కాపాడు విద్య. 2020 ఆగస్టులో తమిళనాడులోని పెరంబలూరు జిల్లా కొట్టరై జలాశయమున నలుగురు యువకులు మునుగుచుండగా, బట్టలు ఉతుకుటకు వచ్చిన ముగ్గురు స్త్రీలు చూచిరి. వారు నీటిలో దూకలేదు. తమ చీరలు విప్పి, ముడివేసి, విసరిరి. ఇద్దరు యువకులు ఆ చీరలు పట్టుకొని బ్రదికిరి. మిగిలిన ఇద్దరు దక్కలేదు. ఆ రాష్ట్ర ప్రభుత్వము ఆ స్త్రీలను కల్పనా చావ్లా పేరిటి సాహస పురస్కారముతో గౌరవించెను. లజ్జకంటె ప్రాణము గొప్పదని తలచుట వారి హృదయము. దూకక విసరుట వారి వివేకము. కేక వేసి పెద్దలను పిలువుము. కట్టెను గాని, తాడును గాని, కొంగును గాని అందింపుము. ఖాళీ డబ్బానో, సైకిలు ట్యూబునో విసరుము. నీటిలో మాత్రము దూకకుము—ఈ నాలుగు మాటలు ఎక్కాలవలె పిల్లలకు కంఠస్థము కావలయును. దీనికి చెరువుతో పనిలేదు. బడి ఆవరణలో ముగ్గుతో గీత గీసి, అటు నీరు, ఇటు ఒడ్డు అనుకొని ఒక తాడుతో ఆటగా నేర్పవచ్చును.

బయటికి తీసినవానిని కాళ్లు పట్టి తలక్రిందులుగా వ్రేలాడదీయుట, గిరగిర త్రిప్పుట, కడుపు నొక్కి నీరు కక్కించుట పల్లెలలో నేటికిని కనబడు పద్ధతులు. ఇవి హానికరములు, విలువైన నిమిషములను హరించును. అతనికి కావలసినది నీరు బయటికి వచ్చుట కాదు, గాలి లోపలికి పోవుట. ఊపిరి లేనిచో వెల్లకిల పరుండబెట్టి, గడ్డము పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి గాలి ఊదవలయును. పిదప రొమ్ము నడుమ 30 మార్లు నొక్కుటయు, 2 మార్లు ఊదుటయు ఆపకుండ సాగింపవలయును. ఈలోగా వేరొకరు 108కి కబురంపవలయును. ఈ విద్యను పుస్తకము చూచి గాక, తెలిసినవారి ఎదుట బొమ్మమీద అభ్యసించియే నేర్చుకొనవలయును.

ఈత వచ్చినంత మాత్రమున నీటిని లెక్కచేయనక్కరలేదని తలచుటయు ప్రమాదమే. 2014 జూన్ 8వ తేదీన హిమాచల ప్రదేశమున లార్జి ఆనకట్ట దిగువన బియాస్ నదిలో రాళ్లమీద నిలిచిన హైదరాబాదు విద్యార్థులు 24 మంది, ఎగువనుండి వదలిన నీటి వెల్లువలో కొట్టుకొనిపోయిరి. ఆ వేగమున ఏ ఈతయు ఆగదు. మంజీరలోను ఎగువ సింగూరు నుండి నీరు వదలినప్పుడు ఏడుపాయలు ఉప్పొంగి అమ్మవారి గుడియే మునుగును. కావున పాఠము రెండు భాగములుగా నుండవలయును: నీటిలో ఎట్లు ఉండవలయునో తెలియుట ఒకటి, ఏ నీటిలో దిగరాదో తెలియుట రెండవది. వరదనీరు, ఆనకట్ట దిగువ, మట్టి గుంత, పట్టా పరచిన కుంట—ఈ నాలుగింటి దగ్గర ఈతగాడును, ఈత రానివాడును సమానులే.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. బతుకమ్మను నెత్తిన మోసికొని చెరువు దిగువారు వారే. నీరు తెచ్చుటకు, బట్టలు ఉతుకుటకు గట్టు దిగువారు వారే. ఈతకు దూరముగా నుంచబడినవారును వారే. 1959లో వంగదేశపు యువతి ఆరతీ సాహా ఇంగ్లీషు కాలువను ఈది, ఆ ఘనత సాధించిన తొలి ఆసియా మహిళగా పేరొందెను. 2021లో హైదరాబాదునకు చెందిన గోలి శ్యామల 47 ఏండ్ల వయసున శ్రీలంకకును, ధనుష్కోటికిని నడుమనున్న పాక్ జలసంధిని సుమారు 14 గంటలలో ఈదెను. ఆమె చిన్ననాటి ఈతకత్తె కాదు, నడివయసున నేర్చినది. నేర్చుటకు ఈడును, ఆడు మగ భేదమును అడ్డు కావని ఇంతకంటె ఏమి చెప్పవలయును? అదిగాక, ఊపిరితిత్తులకు, గుండెకు, కండరములకు ఒక్కసారిగా వ్యాయామము నిచ్చి, కీళ్లపై బరువు మోపనిది ఈత. నీరు దేహపు బరువును తాను మోయుచు మనిషికి బలము నిచ్చును. నీటికి జడిసిన బిడ్డ మొదటిసారి వెల్లకిల తేలి ఆకాశమును చూచిన క్షణమున పొందు ధైర్యము, ఆ పిమ్మట లెక్కల పరీక్షలోను వానికి తోడు వచ్చును.

బడులలో దీనిని ప్రారంభింపుమన్నప్పుడు ఉపాధ్యాయులు సందేహింతురు. “పిల్లలను నీటికి తీసికొనిపోయి, ఏమైన జరిగినచో మాట పడువారెవరు?” అని వారి ప్రశ్న. అది పిరికితనపు ప్రశ్న కాదు, బాధ్యత తెలిసినవారి ప్రశ్న. కాపులేని చెరువునకు పిల్లలను తోలుకొనిపొమ్మని ఎవరును చెప్పరాదు. చేయవలసినది వరుసగా చేయవలయును. మొదటి యేడు నేలమీది పాఠములు: ఊరి నీటి పటము గీయుట, ప్రమాద స్థలములను గుర్తించుట, తాడు విసరుట, ఊపిరి ఊదుట. ఏ గుంత ఎచ్చట నున్నదో పిల్లలే పెద్దలనడిగి పటములో ఎఱ్ఱ సిరాతో గుర్తించినచో అది భూగోళ పాఠమును అగును, ప్రాణరక్షయు అగును. రెండవ యేడు, తల్లిదండ్రుల సమ్మతితో, పంచాయతీ సాయముతో, దడికట్టిన లోతులేని నీటిలో, శిక్షణ పొందినవారి కనుసన్నలలో ఈత. బావిలో తాడు పట్టుకొనిన మేనమామ వంటి పెద్దలు ఊరూర నింకను ఉన్నారు. వారి చేతులలోని నేర్పు వారితో పాటు పోకముందే దానిని బడికి రప్పింపవలయును. హవేలిఘనపూర్‌లో ఉపాధ్యాయులుగా తయారగుచున్న యువతీయువకులు పాఠము చెప్పు పద్ధతితో పాటు ప్రాణము నిలుపు పద్ధతిని కూడ నేర్చి పోయినచో, వారు చేరిన ప్రతి బడికిని అది చేరును.

పూర్వము అక్షరము కొందరి సొత్తుగా నుండెను. బడి దానిని అందరి హక్కుగా చేసినది. ఈతయు నట్లే. మోటబావి కొందరికే ఇచ్చిన విద్యను బడి అందరికి నీయగలదు. పలకమీద ఓనమాలు దిద్దిన చేయి నీటిమీద నాలుగు బారలు వేయగలిగిననాడు, చెరువు నిండినదని ఊరు సంతోషించునప్పుడు తల్లి గుండె గుబులుపడదు. ఆనాడు సామెతయు పిల్లలకు అర్థము చెప్పనక్కరలేకుండ తెలియును: ఈతకు మించిన లోతు లేదు.